నల్లరాయికి ఎలుక మూర, ఎండకి ఏనుగు మూర

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో పులి లేదు, సింహం లేదు. అయినా అందరికీ ఒక భయం ఉండేది. అది చలి భయం. మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యాన పూస గుచ్చ పొద్దుండదు అంటారే, ఆ మాట ఆ కొండ మీదే పుట్టిందేమో. పొద్దు వాలితే చాలు, కాకులు కూడా అరవడం మానేసి ముక్కులు రెక్కల్లో దాచుకునేవి.

ఆ అడవికి రాజు ఎలుగుబంటి. పేరు గుబురయ్య. ఒంటినిండా జానెడు బొచ్చు. చలి అంటే ఏమిటో ఎవరైనా చెబితేగానీ రాజుగారికి తెలియదు. మంచి రాజే పాపం. కానీ అంకెలంటే ఆయనకి మహా గౌరవం. ఎవరైనా వచ్చి "చలిగా ఉంది మహారాజా" అంటే ఆవులించేవారు. "ఏడుసార్లు వణికాను మహారాజా" అంటే లేచి కూర్చునేవారు.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక కొండముచ్చు పోలమ్మ కొలువుకి వచ్చింది. దాని పొట్టని కరుచుకుని చిన్న పిల్ల ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. కళ్లు తప్ప ఒంట్లో ఏమీ లేదు.

"మహారాజా, పోయిన చలికాలం నా పెద్దపిల్ల పోయింది" అంది పోలమ్మ. "పొద్దున్నే లేచి చూస్తే కట్టెలాగ బిగుసుకుపోయి ఉంది. ఇది దానికన్నా బలహీనం. దీనికి వెచ్చటి చోటు కావాలి. దీనికే కాదు, అడవిలో పిల్లలందరికీ కావాలి."

రాజుగారికి నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. "అలాగేనమ్మా" అన్నారు. తరవాత మంత్రి వైపు తిరిగారు. "మంత్రీ, మన అడవిలో వెచ్చదనం ఎక్కడ ఎంత ఉందో అంచనా వేయించు. ఎక్కడ ఎక్కువుంటే ఈ చలికాలం అందరం అక్కడికే పోదాం."

మంత్రి ఎవరంటారా? నక్క. కథల్లో నక్క మంత్రి కాకపోతే ఆవు అవుతుందా?

ఆ అడవిలో వెచ్చదనం దొరికే చోట్లు మూడు. ఉత్తరాన నల్లరాయి కొండ. దాని గుహలో నల్లటి రాయి ఉండేది. ఎప్పుడో పిడుగు పడి ఓ మూల అంటుకుని ఇంకా రగులుతూనే ఉంది. ఆ నిప్పులో నాలుగు రాళ్లు వేస్తే గుహంతా వేడెక్కేది, గుహంతా పొగ కూడా నిండేది.

దక్షిణాన మిణుకురాయి లోయ. అక్కడి రాళ్లు చీకట్లో కూడా మిణుకుమిణుకుమనేవి. గుప్పెడు రాయి ఉంటే ఏళ్ల తరబడి వేడి తగ్గదని పెద్దలు చెప్పేవారు. కానీ ఒక అడవిపంది దాని పక్కన పడుకుని లేచేసరికి ఒంటి మీద వెంట్రుక మిగల్లేదు. అప్పటి నుంచి ఆ వైపు వెళ్లేవాళ్లు లేరు.

తూర్పున ఎండబండ. చదునుగా, ఓ వంద చెట్లు పడుకోబెట్టినంత పెద్ద రాతిబండ. పగలంతా ఎండ తాగి తెల్లారేదాకా వెచ్చగా ఉండేది. దాని పక్కనే గాలికనుమ. మధ్యాహ్నం కాగానే కింది మైదానాల నుంచి వెచ్చటి గాలి ఆ కనుమలోంచి పైకి వచ్చేది. పోలమ్మని వాళ్ల అమ్మ ఆ బండ మీదే పెంచింది.

ఇంకో సంగతి చెప్పాలి. నల్లరాయి కొండ కింద బొరియలో నక్క బావమరిది కాపురం ఉండేది. బావమరిది బతక కోరతాడంటారు. ఇక్కడ బావే బావమరిది బతుకు కోరాడు. అడవంతా ఆ కొండకి చేరితే, వచ్చే ప్రతి జంతువూ గుమ్మంలో బావమరిదికి ఓ పండో, దుంపో పెట్టకుండా లోపలికి పోదు కదా.

అడవిలో ఏదైనా సరే మూరతో కొలవాలి. అది తాతల నాటి ఆచారం. మూర అంటే మోచెయ్యి నుంచి వేలి కొస దాకా. సంతలో పూలమ్మే ఆవిడ కొలుస్తుందే, అలాగ. ఆవిడ చెయ్యి పొట్టిదైతే మీ అమ్మకి పూలు తక్కువ వస్తాయి, చెయ్యి పొడుగైతే ఎక్కువ వస్తాయి. ఈ చిన్న విషయం అడవిలో ఎవరికీ తట్టలేదు. నక్కకి తట్టింది.

నక్క చిట్టెలుకని పిలిచింది. "తమ్ముడూ, నీ అంత నిజాయితీపరుడు అడవిలో లేడు. నల్లరాయి ఎన్ని మూరలుందో కొలిచి రా" అంది.

చిట్టెలుక పొంగిపోయింది. దాన్ని అంతవరకు ఎవరూ తమ్ముడూ అని పిలవలేదు. పరిగెత్తుకుంటూ పోయి గుహలో ఈ చివర నుంచి ఆ చివరకి మూరలు వేసుకుంటూ కొలిచింది. ఒక్క మూర ఎక్కువ చెప్పలేదు, ఒక్క మూర తక్కువ చెప్పలేదు.

తరవాత నక్క తాబేలుని పిలిచింది. "తాతా, మిణుకురాయి సంగతి తొందరపడేవాళ్లకి అప్పజెప్పే పని కాదు. నువ్వే వెళ్లు" అంది. తాబేలు బయల్దేరింది.

చివరికి ఏనుగు దగ్గరికి వెళ్లింది. "ఏనుగక్కా, ఎండబండ మీద ఎండ ఎన్ని మూరలుందో నువ్వు చూడాలి" అంది.

"నాకు మోచెయ్యి ఎక్కడుంది నక్కా?" అంది ఏనుగు.

"తొండం ఉందిగా. దాన్నే మూర అనుకో. ఇంకో మాట. మధ్యాహ్నం వెళ్లకు. ఎండ దెబ్బ తగిలితే నీ బుర్ర సరిగా పనిచేయదు. పొద్దు వాలాక చల్లగా వెళ్లు."

"మరి గాలి?"

"గాలిని కొలిచేటప్పుడు బండరాయి చాటున నిలబడు. గాలి నీకు తగిలితే నువ్వు గాలి పక్షం అయిపోతావు. కొలిచేవాళ్లు ఏ పక్షానా ఉండకూడదు అక్కా."

ఏనుగు తొండంతో తల గోక్కుంది. మంత్రి చెప్పాడంటే అందులో ఏదో న్యాయం ఉండే ఉంటుందనుకుంది. పెద్ద ఒళ్లున్నవాళ్లకి పెద్దవాళ్ల మాట మీద పెద్ద నమ్మకం.

కొన్నాళ్లకి కొలువు తీరింది. అడవంతా వచ్చింది. పోలమ్మ ముందు వరసలో కూర్చుంది. పిల్ల దాని పొట్ట దగ్గర సన్నగా వణుకుతోంది.

ముందుగా చిట్టెలుక లేచింది. "మహారాజా, నల్లరాయి వెయ్యి మూరలు ఉంది" అంది.

సభలో గుసగుసలు లేచాయి. రాజుగారు తమ చెయ్యి చూసుకున్నారు. మోచెయ్యి నుంచి గోరు దాకా చూసుకున్నారు. అలాంటివి వెయ్యి. "రోజుకి ఒక మూర కాల్చినా వెయ్యి రోజులు వస్తుంది" అన్నారు, గొంతు వణుకుతుండగా. ఆయన చలికి వణకలేదు, అంకెకి వణికారు.

తరవాత తాబేలు లేచింది. లేవడానికే కాసేపు పట్టింది.

"మహారాజా, మిణుకురాయిని మొదట కొలిస్తే ఇరవై మూరలు వచ్చింది. మళ్లీ కొలిస్తే అరవై వచ్చింది" అంది.

"అదెలాగ తాతా?" అన్నారు రాజుగారు.

"దాని దగ్గరికి పోతే నాకు భయం. భయమేస్తే నా చెయ్యి లోపలికి పోతుంది. చెయ్యి పొట్టిదైతే మూరలు ఎక్కువవుతాయి. ఎంత భయపడితే అంత ఎక్కువ. అయితే రాయి మాత్రం గట్టిదే మహారాజా. ముందు దాని చుట్టూ మందంగా గోడ కట్టాలి. గోడకి మళ్లీ గోడ కట్టాలి. రాయి పని అయిపోయాక దాన్ని ఎక్కడ దాచాలో కూడా చూడాలి. అన్నీ అయ్యేసరికి ఒక ఇరవై చలికాలాలు పడుతుంది."

"అప్పటికి మనం ఉంటామా?" అన్నారు రాజుగారు.

"నేను ఉంటాను" అంది తాబేలు.

ఆ సంగతి మనవలు చూసుకుంటారని రాజుగారు తీర్మానించారు. తరవాత ఏనుగు వంతు.

"ఎండ మూడు మూరలు ఉంది మహారాజా. బండ తూర్పు అంచున సన్నటి చారలా ఉంది. నేను కొలుస్తుండగానే అదీ పోయింది. గాలి అసలు లేదు."

సభ ఒక్కసారిగా జాలిపడింది. మూడు మూరలట. ఇన్నాళ్లూ అంత ఎండ ఉందనుకున్నామే అని లేళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. నిన్న మధ్యాహ్నం అదే బండ మీద అవి కాళ్లు చాపుకుని పడుకున్నాయి. అయినా అంకె చెప్పాక ఒళ్లు చెప్పిన మాట ఎవరు వింటారు?

పోలమ్మ ఊరుకోలేదు. "మహారాజా, ఒక్క మాట. నల్లరాయి కాలిస్తే తరిగిపోతుంది. ఎండ ఇవాళ కాచుకున్నా రేపు మళ్లీ వస్తుంది. రేపటి ఎండని లెక్కలో వేశారా?"

నక్క చిరునవ్వు నవ్వింది. "పోలమ్మా, నీ బాధ నాకు తెలియంది కాదు. కానీ రేపటిది రేపే లెక్కకొస్తుంది. ఇవాళ చేతిలో ఉన్నదే ఉన్నట్టు. వెయ్యి ఎక్కువా, మూడు ఎక్కువా? నువ్వే చెప్పు."

"వెయ్యే ఎక్కువ" అంది పోలమ్మ. అంతకన్నా ఏమనగలదు?

రాజుగారు లేచి నిలబడ్డారు. "రేపే అందరం నల్లరాయి గుహకి పోతున్నాం. విడిగా ఎవరూ ఉండకూడదు" అన్నారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నట్టు, గుహకి పోవడానికి మాత్రం కొదవేముంది? మర్నాడే అడవంతా మూటాముల్లె సర్దుకుని బయల్దేరింది. గుమ్మంలో నక్క బావమరిది అందరికీ స్వాగతం చెప్పి, అందరి దగ్గరా ఓ పండు పుచ్చుకుంది.

గుహ ఇరుగ్గా ఉంది. వెడల్పు చేయడానికి మట్టీ రాళ్లూ తవ్వి బయట పడేశారు. బావమరిది గుమ్మం ముందు గుట్ట పెరిగింది. "ఇది నా వాకిలి బావా" అని అది గొణిగింది. నక్క రాజుగారి దగ్గరికి వెళ్లింది.

"మహారాజా, ఈ మట్టి ఎక్కడో ఒకచోట పొయ్యాలి. ఎండబండ ఖాళీగానే ఉంది. మూడు మూరల ఎండకి అంత బండ ఎందుకు?"

రాజుగారికి ఆ మాట సబబుగా తోచింది. ఏనుగులు మోశాయి, పందులు దొర్లించాయి. పదిహేను రోజులు తిరక్కుండా ఎండబండ కనిపించకుండా పోయింది. దాని మీద నల్లటి మట్టి, రాళ్లు కొండలా పేరుకున్నాయి. పోలమ్మ ఓ చెట్టు మీద కూర్చుని అదంతా చూసింది. దానికి ఏడుపు వచ్చింది. వాళ్ల అమ్మ ఒళ్లో పడుకున్న చోటు ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయింది.

గుహలో మొదట్లో బాగానే ఉంది. నిప్పు భగభగలాడింది. అందరూ చేతులు కాచుకుని రాజుగారిని మెచ్చుకున్నారు. రాజుగారు మంత్రిని మెచ్చుకున్నారు. మంత్రి చిట్టెలుకని కూడా మెచ్చుకుంది. పొగ మాత్రం పోలేదు. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుని ఊరుకున్నారు. పోలమ్మ పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. మొదట అప్పుడప్పుడు దగ్గేది, తరవాత ఎప్పుడూ దగ్గేది.

"గుహ నోటి దగ్గర పడుకోబెట్టమ్మా, పొగ తగలదు" అన్నాయి కొన్ని జంతువులు.

"అక్కడ చలి" అంది పోలమ్మ.

"అయితే లోపల పడుకోబెట్టు."

"లోపల పొగ."

సలహా ఇచ్చేవాళ్లకి రెండు సలహాలు అయిపోతే మూడోది ఉండదు.

నెల తిరిగింది. పుష్యమాసం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే అడవిపంది నల్లరాయి తేవడానికి లోపలికి వెళ్లి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. "అయిపోయింది" అంది.

"ఏమిటి అయిపోయింది?" అన్నారు రాజుగారు.

"రాయి. అవతల తెల్లరాయి తగిలింది. దాన్ని నిప్పులో వేస్తే నిప్పే ఆరిపోతోంది."

రాజుగారు లేచి లోపలికి పోయారు. గుహ చివరి గోడని తట్టి చూశారు, వాసన చూశారు, నాకి చూశారు. తెల్లరాయే. బయటికొచ్చి చిట్టెలుకని పిలిచారు. "వెయ్యి మూరలన్నావు. ఇంకా ముప్పై మూరలైనా కాల్చామో లేదో. తక్కినవి ఏవి?"

చిట్టెలుక ముందుకొచ్చింది. "మహారాజా, నేను అబద్ధం ఆడలేదు. వెయ్యి మూరలే కొలిచాను."

"ఏదీ, మూర ఎలా కొలిచావో చూపించు."

చిట్టెలుక తన చెయ్యి చాపింది. రాజుగారు తమ చెయ్యి దాని పక్కన పెట్టారు. అడవంతా వంగి చూసింది. చిట్టెలుక చెయ్యి రాజుగారి గోరంత లేదు.

"నీ చేత్తో కొలిచావా?" అన్నారు రాజుగారు.

"మరి నాకు వేరే చెయ్యి లేదు కదా మహారాజా" అంది చిట్టెలుక.

పాపం, చిట్టెలుక తప్పేముంది? దాని చెయ్యి దానిది. రాజుగారు నక్క వైపు చూశారు. నక్క ఏమాత్రం తడబడలేదు.

"లెక్కలో తప్పు లేదు మహారాజా. వెయ్యి అంటే వెయ్యే. ఏ మూర అని తమరు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు కొత్తగా అంచనా వేయిద్దాం. గుహలో బూడిద బోలెడు ఉంది. దాన్ని కొలవడానికి చీమని పంపిస్తే..."

నక్క మాట పూర్తి కాలేదు. గుహలో దగ్గు వినిపించింది, ఆగిపోయింది. అందరూ అటు తిరిగారు. పిల్ల ఒళ్లు చల్లబడుతోంది. పోలమ్మ దాన్ని గుండెకి అదుముకుని బయటికి నడిచింది. చలిగాలిలో తూర్పు వైపు పోయి, మట్టిగుట్ట మీదికెక్కి, పిల్లని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మట్టి తవ్వడం మొదలుపెట్టింది.

ముందుగా ఏనుగు కదిలింది. "ఆ మట్టి మోసింది నేనే" అని తొండంతో రాళ్లు తియ్యసాగింది. పందులు వచ్చాయి, లేళ్లు వచ్చాయి. చిట్టెలుక కూడా వచ్చి తన చేతికి పట్టినంత మట్టి తీసింది. చివరికి రాజుగారు వచ్చారు. వంగి, రెండు చేతులతో తవ్వారు. ఆయన గోళ్లు విరిగాయి, అరచేతులు చిట్లాయి. అప్పుడు తెలిసింది ఆయనకి చలి అంటే ఏమిటో. చిట్లిన చోట బొచ్చు ఉండదు కదా.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి బండ కొంచెం బయటపడింది. ఎండ దాని మీద పడింది. నల్లగా మాసిన రాయి మెల్లగా వేడెక్కింది.

"ఎంత చోటు వచ్చింది?" అన్నారు రాజుగారు, అలవాటు కొద్దీ. చిట్టెలుక చెయ్యి చాపబోయి, సిగ్గుపడి వెనక్కి తీసుకుంది.

"పిల్ల పడుతుంది" అంది పోలమ్మ.

అంతకన్నా ఎవరూ కొలవలేదు. పోలమ్మ పిల్లని ఆ చోట పడుకోబెట్టింది. ఏనుగు గాలి తగలకుండా ఒక పక్క నిలబడబోయింది. ఇంతలో కనుమలోంచి గాలి వచ్చింది. వెచ్చటి గాలి. ఏనుగు దాన్ని చెవులతో తాకి చూసి పక్కకి తప్పుకుంది. కాసేపటికి పిల్ల కదిలింది. కాళ్లు చాపింది. తరవాత పోలమ్మ తోక పట్టుకుని లాగింది. పోలమ్మ అందరి ముందూ బావురుమని ఏడ్చింది.

ఆ రోజు నుంచి అడవంతా పగలు మట్టి ఎత్తడమే పని. బయటపడిన చోటునిబట్టి ముందు పిల్లలు, తరవాత తల్లులు, తరవాత ముసలివాళ్లు. రాజుగారు అందరికన్నా చివర. ఆయన వంతు వచ్చేసరికి శివరాత్రి వెళ్లిపోయింది. చలి శివశివా అంటూ పోయింది. అప్పటికి ఆయనకి ఎండ అక్కర్లేదు. అరచేతులు మాత్రం ఇంకా మానలేదు. పోలమ్మ పిల్ల బతికింది. దగ్గు మాత్రం దానికి ఉండిపోయింది. పరిగెత్తితే చాలు, ఆగి ఆగి దగ్గేది. అది దగ్గినప్పుడల్లా రాజుగారు తల దించుకునేవారు.

మరి నక్క సంగతి? దాన్ని శిక్షించమని అందరూ అడిగారు. "శిక్ష ఎందుకు? అంచనా వేయడం దానికి బాగా వచ్చు. ఆ పనే ఇద్దాం" అన్నారు రాజుగారు. ఎండలు ముదిరేదాకా ఆగారు. రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. సరిగ్గా మిట్టమధ్యాహ్నం నక్కని ఎండబండ మధ్యకి పంపించారు. అడవంతా చెట్ల నీడన కూర్చుంది.

"మంత్రీ, ఎండ ఎన్ని మూరలుందో కొలిచి చెప్పు. నీ మూరతోనే సుమా" అన్నారు రాజుగారు.

నక్క మోచెయ్యి బండకి ఆనించింది, చటుక్కున ఎత్తేసింది. రెండో చెయ్యి ఆనించింది, అదీ ఎత్తేసింది. కాళ్లు ఒకటొకటిగా ఎత్తి ఎత్తి పెడుతూ బండ మీద గంతులు వేసింది.

"ఎంతుంది మంత్రీ?"

"చాలా ఉంది మహారాజా."

"అంకె చెప్పు. మూడా?"

"లెక్కపెట్టలేనంత ఉంది మహారాజా, నన్ను నీడలోకి రానివ్వండి" అంది నక్క. ఆ అడవిలో అది వేసిన అంచనాల్లో నిజమైనది అదొక్కటే.

నీతి: ఎంత ఉందని అడగడం కాదు, ఎవరి మూరతో కొలిచారో, ఆ మూరని ఎవరు ఎంచి పంపారో ముందు అడగాలి.